నది అవతలి తెల్లని గీత

మా లోయలో మెంజాను ఎరగనివాళ్ళు లేరు. ముప్ఫయ్యేళ్ళ పైన ఉత్తరాలనీ మనుషుల్నీ చేరవేసే పసుపురంగు పోస్టు బస్సు నడిపిన మనిషి. కనుమ మలుపుల్లో ఆమె కొట్టే మూడు స్వరాల హారను వినబడగానే మా అమ్మ బార్లీ సూపు మళ్ళీ పొయ్యి మీద పెట్టేది, నాన్న ఆ బస్సులోనే వస్తాడు కాబట్టి. ఇప్పుడు ఆ బస్సు ఆగే చోటుకి ఎదురుగానే నా రొట్టెల కొట్టు.

మెంజాకి ఒక గుణం ఉంది. అర్థంకానిదేదైనా కంటబడితే దాన్ని వదలదు. పైఊరు దాటాక రోడ్డు ఒకచోట వంపు తిరుగుతుంది. అక్కడినుంచి నది అవతలి కొండ అంతా కనిపిస్తుంది. దేవదారు అడవికి పైన, బోడిరాళ్ళకు కింద, కొండ ఈ చివరినుంచి ఆ చివరిదాకా సన్నని తెల్లని గీత. ఏటవాలు ఎండలో బాగా తేలుతుంది. అదేమిటని ఆమె బస్సెక్కిన ప్రతి ముసలివాణ్ణీ అడిగేది. మేకలదారి అని ఒకరు, సరిహద్దు దాటించి కాఫీ గింజలు మోసిన దొంగరవాణా వాళ్ళ దారి అని ఇంకొకరు చెప్పారు. ఆమెకు ఏదీ నచ్చలేదు.

"మేకలు అంత తిన్నగా నడుస్తాయా? దొంగసరుకు మోసేవాడు ఎదురుగా ఊరంతా చూస్తుండగా నడుస్తాడా?" అనేది నాతో.

వెళ్ళి చూద్దామంటే స్టీరింగు వదలడానికి లేదు. సెలవురోజున ఇంటిపని. అలా ఏళ్ళు గడిచాయి.

వేసవిలో మా కనుమ రోడ్డు మీద మోటారు సైకిళ్ళు కందిరీగల్లా తిరుగుతాయి. వాటి మధ్య కార్లు, బస్సులు, వాటి అంచున ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సైకిళ్ళు. రిటైరయ్యే ముందటి జూలైలో ఒక మలుపు దగ్గర మెంజా బస్సు అద్దం ఒక సైకిలతని భుజానికి తగిలింది. అతను గడ్డిలోకి పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. పైగా నవ్వుతూ లేచి, ఆమె ఇచ్చిన ఎండు పళ్ళు తిని మరీ వెళ్ళాడు. మెంజాకి మాత్రం నవ్వు రాలేదు. సాయంత్రం నా కొట్టుకొచ్చి చాలాసేపు కూర్చుంది.

"నేను చూసుకునే నడిపాను. అతనూ చూసుకునే తొక్కాడు. మరి తప్పెవరిదే?"

"రోడ్డుది మెంజక్కా" అన్నాను, ఆమెను ఊరడించడానికి.

ఆమె ఆ మాటను నిజంగానే పట్టుకుంది. "అయితే ఇంకో రోడ్డు ఉండాలి" అంటూ లేచింది.

రిటైరయిన నెలలోనే సైకిలు కొనుక్కుంది. వంకీ హ్యాండిలు, బొడిపెల టైర్లు, కంకర దారుల్లో తొక్కే రకం. మొదటిరోజే నా కొట్టు ముందున్న పూలకుండీల మీద పడింది. "బస్సుకైతే బరువు కింద ఉండేది. దీనికి బరువంతా నేనే" అని లేచి మట్టి దులుపుకుంది. నెల తిరిగేసరికి వంతెన దాటి, దుంగలు లాగే అడవిబాట మీదుగా పైకెక్కడం మొదలుపెట్టింది. అలా ఒకనాడు చెట్లు అయిపోయేచోట ఆ తెల్లని గీతను చేరింది. గడ్డి పట్టిన వెడల్పాటి బాట. మధ్యలో తెల్లని గులకరాళ్ళు తేలి ఉన్నాయి. ఎక్కి తొక్కింది. ఒక కంచె గేటు అడ్డొచ్చేదాకా ఆగలేదు.

గేటుకు అవతల తుమాష్ నిలబడి ఉన్నాడు. ఊళ్ళో ఆవులన్నిటినీ వేసవికి కొండమీద మేపి, అక్కడే జున్ను చేసే కాపరి అతను. కిందటేడు ఎవరో సైకిలువాడు గేటు తీసి మూయకుండా పోతే ఒక పెయ్య రాళ్ళవాలులోకి జారి కాలు విరగ్గొట్టుకుంది. దాన్ని చంపక తప్పలేదు. అప్పటినుంచి సైకిలు చూస్తే చాలు, అతను చేతికర్ర ఎత్తుతాడు.

"ఆగక్కడ! దిగు సైకిలు!"

"దిగానులేవయ్యా. నేను, మెంజాని."

"బస్సు పోయి సైకిలొచ్చిందా? ఈ వయసులో నీకేం పోయేకాలమే? గేటు తియ్యడానికి లేచిన చెయ్యి మూయడానికి లేవదు మీ సైకిళ్ళ జాతికి!"

"ఇంకా తియ్యనే లేదు కదా, అప్పుడే తిడతావేం? ఒక్క మాట అడుగుతా, చెప్పు. ఈ దారి ఇంత చదునుగా ఎందుకుంది?"

"ఏంటీ?"

"అడవి అంచునుంచి ఇక్కడిదాకా ఒక్కసారి రొప్పలేదు, ఒక్కసారి బ్రేకు పట్టలేదు. ఇంత కొండమీద ఇలాంటి దారి ఎవడేస్తాడు? ఎందుకేస్తాడు?"

తుమాష్ కర్ర దించి దారిని అటూ ఇటూ చూశాడు. కుర్రతనంనుంచీ అదే దారిలో ఆవుల వెనక నడుస్తున్నవాడు. "ఆవులు అడగలేదు, నేనూ అడగలేదు" అన్నాడు చివరికి. "ఇక వెనక్కి తిరుగు."

మెంజా తిరిగొచ్చింది. వారం గడవకముందే తుమాష్ కొండ దిగి నా కొట్టుకే వచ్చాడు. మెంజా అక్కడే కాఫీ తాగుతోంది.

"కంటిమీద కునుకు లేకుండా చేశావు కదే!" అంటూ జేబులోంచి పిడికెడు మట్టి తీసి బల్ల మీద పోశాడు. "బాట పక్కన గడ్డి తవ్వాను. రెండు వైపులా నిలబెట్టిన రాతిపలకలు. మధ్యలో ఇది."

మెంజా వేళ్ళతో నలిపింది. పిండిలా మెత్తగా ఉంది. "ఒండ్రు!"

"ఒండ్రే. కొండ నెత్తిమీద!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "కాలువ" అన్నారు ఒకేసారి. మెంజా తొక్కింది కాలువ గట్టు మీద. నీళ్ళు నిలిచిపోకుండా, ఒడ్డు కోయకుండా ఉండాలంటే అంత నెమ్మదైన వాలే ఉండాలి.

మర్నాడు ఇద్దరూ కాలువ మొదలు వెతుక్కుంటూ బయలుదేరారు. శిఖరం మీది మంచు కరిగి పారే వాగు దాపున కొండచరియ విరిగి కాలువ నోటిని పూడ్చేసింది. మెంజా బండల మీద బోర్లా పడుకుని చెవి ఆనించింది. అడుగున నీళ్ళ చప్పుడు. తుమాష్ కూడా పడుకుని విన్నాడు. కాలువ ఎవరు తవ్వారో, ఎప్పుడు పూడిందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ తెలియదు.

ఆ ఏడు వానల్లేవు. కొండమీద మేత పసుపుబారింది. ఊరిసభలో మెంజా లేచి కాలువ మాట ఎత్తింది. మా అధ్యక్షురాలు బ్రైదా సూటిగా అడిగింది: "నీకు కావలసింది నీళ్ళా, సైకిళ్ళా?"

"రెండూను. కాలువలో నీళ్ళు, గట్టు మీద సైకిళ్ళు. కింద రోడ్డు మీద మనిషి చచ్చేదాకా ఆగుదామా?"

తుమాష్ లేచాడు. ఇక అయిపోయిందనుకున్నాం.

"గేట్లకు స్ప్రింగులు పెట్టించండి, వాటంతటవే మూసుకోవాలి. ఆవులు వచ్చేటప్పుడు సైకిలు దిగి పక్కన నిలబడాలి. కొండ అంచున గట్టు సన్నగా ఉన్నచోట నడిపించుకుపోవాలి. ఇవన్నీ ఒప్పుకుంటేనే నా చెయ్యి లేస్తుంది."

చేతులు లేచాయి. అందరివీ కావు. సైకిళ్ళకు జింకలు బెదిరిపోతాయని వేటగాళ్ళు చివరిదాకా చేతులు కట్టుకునే కూర్చున్నారు.

ఆవులు దిగొచ్చాక ఊరు పనిలోకి దిగింది. బండలు దొర్లించాం, పలకలు నిలబెట్టాం, గోడలాంటి కొండ పక్కగా నీళ్ళు దాటించడానికి చెక్కదోనెలు బిగించాం. మిగిలిన పని మంచు కరిగాక పూర్తయింది. జూన్లో తుమాష్ తూము పలక ఎత్తాడు.

నీళ్ళు ఉరికొస్తాయనుకున్నాను. కాదు. మనిషి నడకంత మెల్లగా, ముందు ఎండుటాకుల్నీ చీమల్నీ నెట్టుకుంటూ, ప్రతి గుంట దగ్గరా ఆగి నిండి కదులుతూ వచ్చాయి. మేమంతా వాటి పక్కనే నడిచాం. ఒకచోట నీళ్ళు అడుక్కి ఇంకిపోయాయి. మెంజా బంకమట్టి తెచ్చి కాళ్ళతో తొక్కింది. మళ్ళీ కదిలాయి. మేత బయలు చేరగానే తుమాష్ వంగి దోసిట నీళ్ళు పట్టి గడ్డి మీద చల్లాడు.

ఇప్పుడు సైకిళ్ళు ఆ గట్టు మీదే వెళుతున్నాయి. కారు చప్పుడు లేదు. అక్కడక్కడా నియమం తప్పేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళమీద తుమాష్ అరుపులూ ఉన్నాయి. కిందటి వేసవిలో నేను రొట్టెలు తీసుకుని కొండమీదికి వెళ్ళేసరికి మెంజా అతన్ని ఎలాగో తన సైకిలెక్కించింది.

"ముందుకు చూడు, చక్రం వైపు కాదు!"

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా!"

అప్పటికే వదిలేసింది. తుమాష్ కాస్త దూరం బాగానే పోయాడు. వెనక్కి తిరిగి చూశాడు. అంతే, సైకిలుతో సహా కాలువలో పడ్డాడు. మేమిద్దరం పరుగెత్తాం. నడుందాకా నీళ్ళలో కూర్చుని ఉన్నాడు, టోపీ కొట్టుకుపోతోంది.

"దెబ్బ తగిలిందా? లేవవయ్యా!" అంది మెంజా.

"ఉండవే" అన్నాడు, వీపు వెనక్కి చెయ్యి పెట్టి. "నీళ్ళు ఎంత జోరుగా నెడుతున్నాయో చూస్తున్నా."