దేవదానం గారి తీగ

కుడతినిలో మా కాలనీ గేటు బయట ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. మొన్న ఛార్జింగ్ ఎక్కడం లేదని నా ఫోను అక్కడ ఇచ్చి బల్ల మీద కూర్చున్నాను. దుకాణం అతను సోల్డరింగ్ కడ్డీ వేడిచేసి సీసం తాకించగానే సన్నటి పొగ లేచింది. గుగ్గిలం కాలినట్టుండే ఆ వాసన ముక్కుకి తగిలిందో లేదో, నేను కుడతినిలో లేను. బళ్లారి గాంధీనగర్‌లో, ఎర్రదుమ్ము పట్టిన కిటికీ పక్కన, దేవదానం గారి రేడియో గదిలో ఉన్నాను. దుకాణం అతను రెండుసార్లు పిలిస్తే గానీ మళ్ళీ ఈ లోకంలోకి రాలేదు.

దేవదానం గారు మీకెవరికీ తెలిసే అవకాశం లేదు. రైల్వేలో తంతి గుమాస్తాగా చేరి, తంతి మూలపడ్డాక స్టేషన్ మాస్టరుగా రిటైరైన మనిషి. తాతల నాటి నుంచీ మిషన్ చర్చి సంఘంలో ఉన్న కుటుంబం. ఉద్యోగం అయిపోయినా చేతివేళ్ళకి తంతి అలవాటు పోలేదు కాబట్టి అమెచ్యూర్ రేడియో పట్టుకున్నారు. ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, సొంత గుర్తు పేరు తెచ్చుకుని, ఇంట్లోంచే ఊరూ దేశం తెలియని వాళ్ళతో మాట్లాడుకునే సరదా అది. ఆదివారం ఆరాధన, మిగతా రోజుల్లో రేడియో. ఈ రెండింటిలో దేనికి ముందు నిద్ర లేస్తారని అడిగితే ఆయన భార్య కమలమ్మ గారు నవ్వి ఊరుకునేవారు. నేను వాళ్ళింటి వెనక గదిలో అద్దెకుండేదాన్ని.

నా సంగతి కూడా చెప్పాలి. కాలవ నీళ్ళ కోసం కోస్తా నుంచి వచ్చి సిరుగుప్ప వైపు వరి పండించుకుంటున్న కుటుంబం మాది. మా బోటి వాళ్ళుండే ఊళ్ళని ఇక్కడ క్యాంపులంటారు. నా పేరు ఝాన్సీ. ఆ పేరు నోటి దగ్గర పలికించడమే నాకు పెద్ద గండం, ఎందుకంటే నాకు నత్తి. చిన్నప్పటి నుంచీ నా మాట నేను పూర్తిచేసిన గుర్తు లేదు. అమ్మ పూర్తిచేసేది, టీచర్లు పూర్తిచేసేవారు, ముక్కూమొహం తెలియని బస్సు కండక్టర్లు కూడా జాలిపడి పూర్తిచేసేవారు. సగంసార్లు తప్పు. చింతపండు అడగబోతే చీపురు చేతిలో పెట్టిన కొట్టువాడున్నాడు. నేను నోరెత్తకుండా ఆ చీపురే తెచ్చుకున్నాను. అలాంటి దాన్ని, గనుల మీద డబ్బు వరదలా పారుతున్న ఆ రోజుల్లో, ఖనిజం లారీలు నడిపే ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు ఉద్యోగం దొరికిందని బళ్లారి వచ్చాను. కంప్యూటర్‌తో మాట్లాడక్కర్లేదు కదా అని నా ధీమా.

ఆయనతో మొదటి పరిచయం మేడ మీద. ఉతికిన చీర ఆరేద్దామని ఎక్కితే చక్కటి రాగితీగ ఒకటి చేతికందే ఎత్తులో కనిపించింది. ఒక కొస మేడ గోడకి, రెండో కొస ఎక్కడో పక్క ఖాళీ స్థలంలోని వేపచెట్టుకి. ఇంత పొడుగు దండెం ఎవరు కట్టారా అని మురిసిపోయి చీర పరిచేశాను. రెండు నిమిషాల్లో ఆయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

“ఏందమ్మా, ఈడ ఆరేసినావు? ఇది దండెం కాదు, రేడియో ఏరియలు. యాడనో ఆయప్ప మాట్లాడతాండాడు, నీ చీర తడి సగం మింగేసింది. నేను ఆ పక్క మీట నొక్కింటే నీ చెయ్యి కాలేది.”

క్షమించమని చెప్పబోయాను. మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసింది. మామూలుగా అప్పుడు అవతలివాళ్ళు ‘పర్లేదు పర్లేదు’ అనేసి నన్ను వదిలించుకుంటారు. ఆయన అనలేదు. నా నోటి వైపు గుచ్చి చూడలేదు, మొహం తిప్పుకోలేదు. ఊరికే నిలబడ్డారు. చివరికి ఆ మాట బయటికి వచ్చాక తలూపి, “సరేమ్మా, చీర తీసెయ్యి” అన్నారు. ఒక మనిషి నా కోసం అలా ఆగడం నాకు అదే మొదలు. గదికి వెళ్ళి ఎందుకో తెలియకుండానే ఏడ్చాను.

ఆ తర్వాత ఆ తీగ సేవలో నేనూ పడ్డాను. బళ్లారి దుమ్ము తెలుసు కదా. ఖనిజం లారీలు రోజంతా తిరిగి చెట్టునీ గోడనీ మనిషినీ ఒకే రంగు చేసేవి. తీగ రెండు కొసల్లో పింగాణీ ఇన్సులేటర్లు ఉండేవి. వాటి మీద ఆ దుమ్ము పేరుకుని, తెల్లవారుజామున మంచుకు తడిస్తే, తీగలో ఉండాల్సిన బలం చెట్టులోకి జారిపోయేది. ఇంకే ఊళ్ళో రేడియో వాళ్ళకీ ఈ పని ఉండదేమో గానీ, మేము శనివారం శనివారం కప్పీ మీద తీగ దించి, ఆ పింగాణీకి సబ్బునీళ్ళతో స్నానం చేయించేవాళ్ళం. నీళ్ళు ఇటుక రంగులో పోయేవి. తీగ పొడవు సరిపడకపోతే ఇంకో బాధ. మైకుకి పెదవి తగిలితే చురుక్కుమనేది. “తీగ అలిగిందమ్మా” అని ఆయన ఒక జానెడు కత్తిరించేవారు, లేకపోతే నేల మీద ఇంకో తీగ పరిచి దాన్ని బుజ్జగించేవారు. పెంచడం, తగ్గించడం, మళ్ళీ వినడం. కొత్త పొడవు కుదిరిన రోజున కమలమ్మ గారికి కాఫీ పని పెరిగేది.

ఆఫీసుకు వెళ్ళేముందు పొద్దున్నే నాకు మోర్స్ నేర్పేవారు. ఆయన చుక్కలూ గీతలూ కొడతారు, నేను విని రాయాలి. కొన్నాళ్ళకి చెవి కుదిరి, సగం మాట వినగానే మిగతా సగం నేనే రాసేయడం మొదలుపెట్టాను. నా తెలివికి మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన మీట మీద చెయ్యి తీసేశారు.

“రాకముందే రాయద్దు. ఆ మాట నీది కాదు, పంపేవానిది.”

“ఎలాగూ అ... అదే కదా వచ్చేది?”

 కమలమ్మ గారు వంటింట్లో ఉన్నారో లేదో చూసుకుని చెప్పారు. ఆయన చిన్న స్టేషన్లో పనిచేసేటప్పుడు కమలమ్మ గారు తొలి కాన్పుకి పుట్టింట్లో ఉన్నారట. అక్కడి నుంచి తంతి వచ్చినప్పుడు మీట దగ్గర ఇంకో గుమాస్తా కూర్చుని ఉన్నాడు. కాన్పు కబుర్లు ఎప్పుడూ ఒకేలా ముగుస్తాయి. తల్లి అన్న మాట వినగానే అతను తల్లీబిడ్డా క్షేమం అని ముందే రాసేసి, సంతోషం ఆపుకోలేక కాగితం ఈయన చేతిలో పెట్టాడు.

“స్టేషనంతా మిఠాయి పంచినానమ్మా. పంచినంక మళ్ళా తంతి వచ్చింది, ఎప్పుడు బయలుదేరతావని. తల్లి ఒక్కతే క్షేమం అనేది ఆ మొదటి తంతిలో మాట.” ఆయన మీట మళ్ళీ ముందుకు లాక్కున్నారు. “వాడు చెడ్డోడు కాదు. ప్రేమతోనే రాసినాడు. ఊ, రాయి.”

నా మాటల్ని జీవితమంతా ప్రేమతోనే పూర్తిచేసిన వాళ్ళందరూ ఆ పొద్దున నాకు గుర్తొచ్చారు.

ఇంతలో ఆఫీసులో నా ధీమా కాస్తా పోయింది. యార్డులోని డ్రైవర్లకి చేతి వైర్‌లెస్‌లో లారీ నంబర్లు చెప్పే పని కూడా నాకే అప్పగించారు. నేను నంబరు మధ్యలో ఆగితే డ్రైవర్లు మిగతాది ఊహించేవారు. ఒకరి బదులు ఇంకొకరు బయలుదేరేవారు. నెలాఖరుకి సర్దుకోకపోతే వేరే అమ్మాయిని చూసుకుంటామని మేనేజరు నెమ్మదిగానే చెప్పాడు. ఉద్యోగం పోతే నేను క్యాంపుకి వెళ్ళి, నా తరఫున మాట్లాడేవాళ్ళ మధ్య మళ్ళీ నోరు కట్టేసుకుని బతకాలి. నాకు అంతకు మించిన భయం లేదు. దేవదానం గారికి చెప్పుకున్నాను. ఆయన ఓదార్చలేదు. ఒకటే అడిగారు.

“మాట ఆగినప్పుడు వైర్‌లెస్ బొత్తాం వదుల్తాండావా?”

అవునన్నాను. సిగ్గుతో వేలు దానంతటదే వచ్చేస్తుంది.

“అదే తప్పు. నువ్వు నొక్కి పట్టినంతసేపు ఆ దారి నీది, ఇంకెవరూ దూరలేరు. మాట ఆగితే ఆగనీ. బొత్తాం వదలద్దు.”

చెప్పడం తేలిక. నలుగురు వింటుండగా మౌనంగా బొత్తాం నొక్కి కూర్చునే ధైర్యం నాకు ఎక్కడిది?

ఆ వారంలోనే వేపచెట్టు పోయింది. గనుల్లో బాగా కలిసొచ్చిన వీరన్న అనే ఆయన అంతకు ముందే ఆ స్థలం కొని, ఉన్నపళంగా మూడంతస్తులు లేపి, చివరికి చెట్టూ కొట్టించాడు. తీగకి రెండో కొస లేదు. ప్రహరీ వెంట కిందగా కట్టి చూశాం. ఇరుగుపొరుగు మోటార్లూ జనరేటర్లూ చేసే గురగుర తప్ప ఏమీ వినపడలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక సంగనకల్లు గుట్టకి తీసుకెళ్ళి బండల మీదుగా పొడవుగా లాగాం. బండలో ఎర్తు కడ్డీ దిగదు కాబట్టి ఇంకో తీగని రాతి మీదే పరిచాం. ఎంత నిశ్శబ్దంగా ఉందో అక్కడ! అప్పటికే నేను పరీక్ష పాసై ఉన్నాను. శ్రీలంకలో ఎవరో టీ తోటల ఊరి మనిషి నా మొదటి పిలుపుకి మోర్స్‌లో జవాబిచ్చాడు. నా పేరు ఒక్క తడబాటు లేకుండా సముద్రం దాటింది. కమలమ్మ గారి చిత్రాన్నం తింటూ నేను గుట్టంతా నాదే అన్నట్టు కూర్చున్నాను. కానీ రోజూ గుట్టెక్కలేం. వీరన్న మేడ మీది నీళ్ళ ట్యాంకుకి తీగ కట్టుకోనిస్తే తప్ప దారి లేదు.

“నువ్వే అడగాల” అన్నారు దేవదానం గారు.

వెంట వచ్చారు గానీ, వీరన్న హాల్లో కూర్చున్నాక నోరు విప్పలేదు. వీరన్న మంచి మర్యాదస్తుడు. రెండు ఫోన్లు పక్కన పెట్టుకుని, “బన్నీ సార్, టీ తాగండి. ఏన్ బేకమ్మా, ఏం కావాలో చెప్పు” అన్నాడు.

“మీ మే... మేడ మీద...”

“అద్దెకా? పైది మా తమ్మునికి ఇచ్చేసినానమ్మా.”

“కా... కాదండీ. తీ...”

“కేబులు తీగనా? ఈ వీధి కేబులోన్ని రేపే పంపుతా, బిడు, వదిలెయ్.”

నేను దేవదానం గారి వైపు చూశాను. ఆయన గోడ మీది క్యాలెండరును ఆ రోజే కొత్తగా చూస్తున్నట్టు చూస్తున్నారు. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ కోపంలోనే, జన్మలో ఎవరితోనూ అనని మాట అన్నాను.

“అన్నా, కొం... కొంచెం ఆగండి. నేను చెప్పేది నేనే చెప్తాను.”

వీరన్న తెల్లబోయి, ఫోను బోర్లా పెట్టి, వెనక్కి ఆనుకున్నాడు. నేను చెప్పాను. టీ చల్లారిపోయి మీగడ కట్టేంతసేపు పట్టింది. ఎన్ని చోట్ల ఆగానో నాకే తెలియదు. ఎక్కడా ఆపలేదు మాత్రం. పిడుగు పడితే ఏం గతి అని ఒక్కటే అడిగాడు. మబ్బు పట్టగానే తీగ దించి, నేలలో బొగ్గు వేసి పాతిన రాగి కడ్డీకి కలుపుతామని దానికీ నిదానంగా జవాబు చెప్పాను.

“సరి, కట్టుకోండి. చెట్టు కొట్టించినోన్ని నేనే కదప్పా” అన్నాడు దేవదానం గారితో.

వీధిలోకి రాగానే ఆయన్ని నిలదీశాను, ఒక్క మాట సాయం చేయొచ్చు కదా అని.

“నేను చెప్పింటే తీగకి చోటు దొరికేది. నీ మాట యాడికి పోయేది?” అన్నారు. నాలుగడుగులు వేశాక, “ఆయప్ప చెవులు మంచివే ఉండాయి. పని పెట్టినోళ్ళే లేరు” అని తనలో తనే నవ్వుకున్నారు.

మర్నాడు యార్డు వైర్‌లెస్‌లో నేను నంబరు మధ్యలో ఆగిపోయాను. వేలు మాత్రం తీయలేదు. గొంతులో అంకె అడ్డం పడి ఉంది, అవతల డ్రైవర్లందరూ వింటున్నారు, ఎవరూ దూరలేకపోతున్నారు. అంకె వచ్చింది. మిగతావీ వచ్చాయి. అయిందని చెప్పి బొత్తాం వదిలాను.  ఒక డ్రైవరు, “అర్థమైంది మేడమ్” అన్నాడు. ఆ రోజు నేను చెప్పిన లారీయే బయలుదేరింది. నెలాఖరున వేరే అమ్మాయి రాలేదు.

కొన్నేళ్ళకి గనులు ఆగాయి, లారీలు తగ్గాయి, మా ఆఫీసు మూసేశారు. అప్పటికి నాకు కుడతిని కరెంటు కేంద్రంలో పని దొరికింది. దేవదానం గారికి పక్షవాతం వచ్చిందని కమలమ్మ గారు కబురు పెడితే ఆసుపత్రికి పరుగెత్తాను. ఆ మనిషి నోట మాట పడిపోయి ఉంది. మంచం పక్కన హుబ్బళ్లి నుంచి వచ్చిన కొడుకు జాన్, ఆయన పెదవి కదిలినప్పుడల్లా అల్లాడిపోతున్నాడు.

“ఉ...” అన్నారు ఆయన.

“ఊపిరాడలేదా నాయినా? ఊరికి పోదామంటాండావా? ఉక్కపోస్తాందా?”

ఆయన కళ్ళు మూసుకుని మొహం గోడవైపు తిప్పుకున్నారు. అది ఎలాంటి తిప్పుకోవడమో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

“జాన్, ఆ... ఆగు” అన్నాను. “ఎవరూ ఏమీ అనకండి.”

స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆయన నోటి వైపు గుచ్చి చూడలేదు, మొహం తిప్పుకోలేదు. చాలాసేపటికి ఇటు తిరిగారు. పెదవి బిగుసుకుంది, వదిలింది, మళ్ళీ బిగుసుకుంది. చెమటలు పట్టాయి. జాన్ కుర్చీ అంచు పట్టుకుని నిలబడ్డాడు.

“ఉ... ప్పు.”

గంజిలో ఉప్పు లేదు. అంతే. మూడు రోజులుగా ఆ మనిషి చెప్పాలని చూస్తున్నది అది. కమలమ్మ గారు నవ్వుతూనే ఏడ్చేశారు. “డాక్టరు వద్దన్నాడు కదయ్యా, నేనేం చేసేది” అంటూ ఆయన తల నిమిరారు. ఆయన మొహంలో కదిలే ఆ సగం నవ్వింది. తర్వాత బతికిన కొద్ది నెలల్లో ఆయన పలికిన మాటలు తక్కువే గానీ, ప్రతి మాటా ఆయనే పూర్తిచేసుకున్నారు. జాన్ కూడా ఆగడం నేర్చుకున్నాడు.

నా నత్తి తగ్గలేదు. రోజూ ఫోనులో లెక్కలు చెప్తాను, తడబడతాను, కొత్తవాళ్ళు తొందరపడితే ఆగండి, నేనే చెప్తాను అంటాను. అది నాకు ఆయన ఇచ్చింది, దానికి ఎంత మొక్కినా తక్కువే. అయితే అంతకన్నా కష్టపడి కాపాడుకుంటున్నది ఇంకొకటి ఉంది. ఎదుటి మనిషి సగంలో ఉండగా మిగతా సగం నాకు తెలిసిపోయినట్టు అనిపిస్తుందే, అప్పుడు నోరు మూసుకుంటాను. చాలాసార్లు, వచ్చేది నేననుకున్న మాట కాదు.