అరసవిల్లి స్వామి అడిగిన పరమాన్నం

నా చిన్నప్పుడు, చోడవరంలో, లోకంలో అందరికంటే నాకు ఎక్కువ కుళ్లు పక్కింటి ఆడపిల్ల, మావైపు మాటలో పక్కింటి గుంట మీద. దాని గౌన్లూ గాజులూ చూసి కాదు. నాకన్నా ఏడాది పెద్దదే అయినా, వాళ్లమ్మ చెరకు కోత నుంచి వచ్చీరాగానే దాన్ని అమాంతం ఎత్తి చంకనేసుకునేది. అది ఆ చంకలోంచి మా గుమ్మం వైపు చూసి నాలుక చాపేది. నాకు ఒళ్లు మండిపోయేది.

మా అమ్మ నన్ను ఎత్తుకునేది కాదు. తమ్ముడు పుట్టాక ఆవిడకి నేల మీంచి లేవడమే గండమైపోయింది. ఒక చెయ్యి గోడకీ, ఒక చెయ్యి మోకాలికీ ఆనించి మూలుగుతూ లేచేది. గడప దాటాలన్నా ద్వారబంధం పట్టుకోవాల్సిందే. ఊళ్లోవాళ్లు మాత్రం 'ఎండ కన్నెరగని ఇల్లాలు' అని ఆవిణ్ణి మెచ్చుకునేవారు. బెల్లం వ్యాపారం చేసే మా నాన్న ఆ మాటకి పొంగిపోయేవాడు. ఆవిడ కాలు బయటపెట్టకుండా నీళ్లు తోడడానికీ, బట్టలు ఆరెయ్యడానికీ మనుషుల్ని పెట్టాడు. బలం రావాలని మాడుగుల నుంచి హల్వా తెప్పించేవాడు. హల్వా తిని అమ్మ ఒళ్లు చేసిందే గాని కాళ్లలో సత్తువ రాలేదు. ఆ హల్వా మీద కూడా నాకు కుళ్లే అనుకోండి.

చివరికి డాక్టరుగారికి చూపించారు. ఆయన చేపనూనె మందిచ్చి, రోజూ కాసేపు ఒంటికి ఎండ తగలాలని చెప్పారు. ఎండ ఎరగని మనిషికి ఎముకలే కాదు, కండలూ నీరసిస్తాయట. విటమిన్ డి అన్న మాట నేను విన్నది చాలా ఏళ్ల తర్వాత. నాన్న మందుకి ఒప్పుకున్నాడు గాని ఎండకి ఒప్పుకోలేదు. పెళ్లాన్ని ఎండలో కూర్చోబెట్టాడని నలుగురూ నవ్వుతారని ఆయన భయం.

మా నాయనమ్మ కొడుకుతో వాదించలేదు. రథసప్తమి నాడు అందరిలాగే పెరట్లో పిడకల మీద పరమాన్నం వండించింది. మర్నాడు పొద్దున్నే నాన్నని పిలిచింది.

“ఒరే బాబూ, రాత్రి కల్లో అరసవిల్లి సూర్నారాయణసామి కనబడ్డాడ్రా. రోజూ ఎండలో నీ కోడలి సేతే పరమాన్నం ఒండించు అన్నాడు.”

“రోజూ ఏటమ్మా? ఎన్నాళ్లు?”

“అది సెప్పలేదు. నువ్వే అడుగు.”

దేవుణ్ణి అడిగే ధైర్యం నాన్నకి లేదు. అలా ఒక్కరోజు ఆచారం వేసవి దాకా సాగింది. పాలు తొందరగా పొంగకుండా నాయనమ్మ సగం ఆరిన పిడకలే ఏరి పెట్టేది. అమ్మ చెమటలు తుడుచుకుంటూ పొయ్యి ముందు కూర్చునేది. మందు పనిచేసిందో, ఎండే పనిచేసిందో, రెండూ కలిశాయో, గోడ పట్టుకోవడం మెల్లగా మానేసింది.

ఒకనాడు వాసన పట్టుకుని పక్కింటి గుంట మా పెరట్లోకి వచ్చింది. అమ్మ దేన్నీ పట్టుకోకుండా నేల మీంచి లేచింది. నేను చప్పట్లు కొట్టబోయాను. ఇంతలో ఆవిడ వంగి, నన్ను కాదు, దాన్ని ఎత్తి చంకనేసుకుని పశువులసాల దాకా నడిచి వచ్చింది. నా గుండె బద్దలైంది. నాకు పరమాన్నం పెట్టిన ఆకుని కాలితో తన్నేసి, “నువ్వు మాయమ్మవి కాదు, దానమ్మవే!” అని నేల మీద పడి దొర్లాను.

అమ్మ దాన్ని దించి నా దగ్గరికొచ్చింది. కళ్లల్లో నీళ్లు, మూతి మీద నవ్వు.

“ఎర్రి గుంటా! నిన్నెత్తి పడేస్తే నేను బతగ్గలనేటే? అందుకే ముందు దాన్నెత్తి సూసుకున్నాను.”

దడికి అవతల పక్కింటావిడ పకపకా నవ్వింది. “ఓలమ్మ! అయితే నా గుంట పడిపోయినా పరవానేదేటి?”

అప్పుడు అమ్మ నన్నెత్తుకుంది. ఆవిడ తొడలు వణకడం నాకు తెలుస్తూనే ఉంది. పడెయ్యలేదు. నేను వాళ్ల గుంట వైపు చూసి బారెడు నాలుక చాపాను.

ఇంత వయసొచ్చినా నాది కుళ్లుమోతు మనసే. నావాళ్లు నన్ను దాటి ఇంకొకర్ని దగ్గరికి తీస్తే ముందు భగ్గుమంటాను. తర్వాత ఆ పెరడు గుర్తొస్తుంది. నన్ను పడేస్తామేమోనన్న భయంతోనే ఆగారేమోనని, నోరు మూసుకుని ఇంకాసేపు చూస్తాను. అలా చూసినందుకు ఎన్నో చుట్టరికాలు నిలబడ్డాయి. అయినా మా అమ్మ చంక ముందు ఎక్కింది అదే కదా! ఆ ఒక్కటీ మాత్రం దాన్ని ఇంతవరకూ క్షమించలేదు.