పెద్దవ్వకు సరిపోయేది

పెద్దబాపు పోయాడన్న వార్త నాకు కరీంనగర్‌లో, ల్యాబ్‌లో పనిలో ఉండగా తెలిసింది. మందమర్రి నుంచి అన్న ఫోన్ చేశాడు. "పెద్దబాపు పొద్దుగాల పోయిండే. ఛాయ్ తాగిండు, కుర్చీల కూసున్నడు, గంతే" అన్నాడు. ఎదురుగా మైక్రోస్కోపు కింద ఎవరిదో రక్తం స్లైడు ఉంది. కళ్లు తుడుచుకుని అది చూడటం పూర్తిచేసి, రిపోర్టు రాసిచ్చి, అప్పుడు బస్టాండుకు నడిచాను. పని సగంలో వదిలి వచ్చానని తెలిస్తే ఆయనే ముందు తిట్టేవాడు.

ఆయన మాకు చుట్టం కాదు. బొగ్గుబాయి కాలనీలో మాది పక్క క్వార్టరు. నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం మేం. మా బాపు కంటే పెద్దవాడు కాబట్టి పెద్దబాపు, ఆయన భార్య పెద్దవ్వ. బాయి మీద, అంటే గని దగ్గర, దీపాల గదిలో ఆయన పని. లోపలికి దిగేవాళ్లు తలకు కట్టుకునే దీపాలకు ఛార్జింగు పెట్టి, షిఫ్టు ముందు కిటికీలోంచి ఒక్కొక్కరికీ అందించాలి. దీపంతో పాటు ఏదో ఒక మాట కూడా అందించేవాడట. "మొన్న ఎలుగుబంటి సంగతి అడిగినవ్ గదా, పుస్తకం దొరికింది. పైకొచ్చినంక తీస్కపో." మా బాపు ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పేవాడు, కిటికీ దగ్గర లైను ఆగిపోతే లోపల పెద్దబాపు ఎవరికో పుస్తకం సంగతి చెప్తున్నాడని అర్థమని.

"మంచి పుస్తకం ఉంటే చెప్పు పెద్దబాపు" అని ఎవరైనా అంటే మాత్రం ఆయనకు మంట. "డాక్టరు దగ్గరికి పోయి మంచి మందు ఇయ్యుమంటవా? ఏడ నొస్తుందో చెప్తవా? ముందుగాల నీకేం తెల్వాల్నో చెప్పు" అనేవాడు. చాలామందికి తమకేం తెలియాలో తెలియదు. అట్లాంటివాళ్లను కూర్చోబెట్టి, ఛాయ్ తాగించి, మాటల్లో పెట్టి రాబట్టేవాడు. ఒకసారి ఉద్యోగం పరీక్షకు పుస్తకం అడగడానికి వచ్చిన ఒకాయన, పాముల మీద పుస్తకం పట్టుకుని వెళ్లాడు. మాటల మధ్యలో తన బాత్రూములో దూరిన పాము ముచ్చటే ఎక్కువసేపు చెప్పాడట మరి. పరీక్ష సంగతి ఏమైందో తెలియదు కానీ, ఆ కాలనీలో పాము కనిపిస్తే ఆయన్నే పిలిచేవాళ్లు.

ఇంకో పట్టుదల ఉండేది. తాను చివరిదాకా చదవనిది ఎవరికీ చెప్పడు. "నేను ఉప్పు చూడని కూర ఇంకొకలకు పెడ్తనా?" అనేవాడు. ఈ రోజుల్లో ఫోన్లలో సగం చదివి అందరికీ పంపేవాళ్లను చూస్తుంటే నాకు ఈ మాటే గుర్తొస్తుంది. నేను కూడా పంపబోయి ఆగిన సందర్భాలున్నాయి.

నాకు ఆయన మొదట చెప్పింది పుస్తకం కాదు, భూతద్దం. ఉప్పు ఎందుకు మెరుస్తుందని చిన్నప్పుడు ఆయన ప్రాణం తీసేదాన్ని. మంచిర్యాల పోయినప్పుడు ఒకటి కొనుక్కొచ్చి చేతిలో పెట్టాడు. "పుస్తకం తర్వాత. ముందుగాల దీంతోని మీ ఇంట్ల ఉన్నయన్ని చూసి రా" అన్నాడు. ఉప్పు చూశాను. అవ్వ చీర పోగులు, చచ్చిన ఈగ కాలు, అన్న మోకాలి మీది పుండు, అన్నీ చూశాను. "నీ పుణ్యాన గీ పిల్ల అన్నం పళ్లెం గూడ అద్దం పెట్టి చూస్తుంది" అని అవ్వ ఆయనతో గొడవ పడింది. ఆయన మురిసిపోయాడు. ఇప్పుడు నేను తినే అన్నం అద్దంలో చూసి సంపాదించిందే. మీ ఇంట్లో ప్రశ్నలు అడిగే పిల్లలుంటే, అడగటం మానేసిన పెద్దలున్నా సరే, ఒక భూతద్దం కొని అందరికీ అందేచోట పెట్టండి. ఇది నా మాట కాదు, ఆయనది.

ఆయన తప్పులు చేయలేదా అంటే, చేశాడు. హుజూరాబాద్ నుంచి మా మేనమామ వచ్చినప్పుడు, "బాయి గురించి ఏమన్న పుస్తకం ఉందానే" అని పెద్దబాపును అడిగాడు. మామ రైతు. పొలంలో నీళ్ల కోసం బాయి తవ్వించాలన్నది ఆయన ఆలోచన. మందమర్రిలో బాయి అంటే బొగ్గుబాయి ఒక్కటే. పెద్దబాపు సంబరపడి, భూమి పొరల గురించి, బొగ్గు ఎట్లా పుట్టిందన్న దాని గురించి లావుపాటి పుస్తకం ఇచ్చాడు. మామ మొహమాటస్తుడు, మొత్తం చదివాడు. తిరిగిచ్చేటప్పుడు, "పుస్తకం మంచిగనే ఉంది గని, మోటరు ఏడ పెట్టాల్నో రాయలే" అన్నాడు. పెద్దబాపు నవ్వీ నవ్వీ దగ్గు పట్టుకుంది. ఆ తర్వాత ఎవరేమడిగినా, "జర ఆగు, నీ బాయి ఏ బాయి?" అని అడిగి గానీ చెప్పేవాడు కాదు. మా ఇంట్లో ఆ మాట ఇప్పటికీ నడుస్తుంది.

రిటైరై క్వార్టరు ఖాళీ చేసి ఊర్లోనే చిన్న ఇల్లు కట్టుకున్నాక కళ్లు మందగించాయి. పేజీ తిప్పితే నీళ్లు కారేవి. పరేషాన్ అయ్యాడు. నేను వెళ్లి ఫోన్‌లో పాడ్‌కాస్టులు వినటం నేర్పాను. వాటికి ఆయన పెట్టిన పేరు చెవుల పుస్తకం. మొదట్లో అస్సలు నచ్చలేదు. "ఇద్దరు కూసోని వాళ్లల్ల వాళ్లే నవ్వుకుంటుండ్రు, మనల పిల్వనే పిల్వరు" అని సణిగేవాడు. తర్వాత ఏరుకోవటం నేర్చుకున్నాడు. ఏది వినాలో ఎట్లా తెలుస్తుందని అడిగితే, "మాట్లాడెటోడు నడుమ నడుమ నాకు తెల్వదు అంటుండా లేదా చూడు. అనకపోతే బంద్ జెయ్యి" అన్నాడు. నేను ఇప్పటికీ ఆ లెక్కనే వింటున్నాను. చాలా బంద్ చేయాల్సి వస్తోంది.

ఇన్ని చెప్పిన మనిషికి ఒకటే బాధ. పెద్దవ్వకు ఏమీ చెప్పలేకపోయాడు.

పెద్దవ్వకు చదవటం రాక కాదు. బస్సు బోర్డుల నుంచి పెళ్లి పత్రికల దాకా అన్నీ చదువుతుంది. కానీ పెద్దబాపు ఏది తెచ్చినా ఒకటే మాట, "నాకేం తెల్వాల్నని లేదు." ప్రశ్న లేనిదే ఆయన పుస్తకం చెప్పడు. ఆమె ప్రశ్న అడగదు. అయినా ఆగలేక ఒకసారి వంటల పుస్తకం తెచ్చాడు. "ఇన్నేండ్లు నా చేతి తిండి తిని, ఇప్పుడు నాకు వంట నేర్పిస్తవా?" అని ఆ పూట పప్పు కూడా వండలేదు. భక్తి ప్రసంగాలు పెట్టాడు, వింటూ నిద్రపోయింది. చుక్కల పేర్లు చూపించే యాప్ పెట్టి డాబా మీదికి పిలిచాడు. ఆమె వచ్చి, ఆరేసిన బట్టలు తీసుకుని దిగిపోయింది. నా దగ్గర నవ్వుతూనే చెప్పేవాడు గానీ, ఒకసారి మాత్రం గొంతు తగ్గించి, "ఊరందరికి ఎతికిచ్చిన బిడ్డా. ఇంట్ల మనిషికి ఒక్కటి దొరకలే. తప్పు పుస్తకాలది గాదు, నాకే ఆమె ఎర్కలేదేమో" అన్నాడు. ఆ మాట విన్న రోజు నాకు చాలా దిగులైంది.

పోవటానికి కొద్ది రోజుల ముందు ఫోన్ చేశాడు. గొంతులో హుషారు. "మీ పెద్దవ్వకు ఒకటి దొరికినట్టే ఉంది. ఏందో అడుగకు. నన్ను పూర్తిగ ఇననియ్యి, అప్పుడు ఆమెకు ఇనిపిస్త" అన్నాడు. అదే నాతో ఆయన ఆఖరి మాట.

కర్మలన్నీ అయిపోయి, ఎండలు మొదలయ్యాక మళ్లీ మందమర్రి వెళ్లాను. పెద్దవ్వ వాకిట్లో మిరపకాయలు కుప్పపోసుకుని తొడిమలు తీస్తోంది. తొక్కుల కాలం, ఇంటింటా పచ్చళ్లు పెట్టే రోజులు. ఆయన కుర్చీ గోడ పక్కన ఖాళీగా ఉంది. ఫోన్ బీరువాలో పెట్టేశారట. అడిగి తీసుకుని ఛార్జింగు పెట్టాను. తెరవగానే ఆయన సగంలో ఆపిన పాడ్‌కాస్టు కనిపించింది. మిరపకాయ మన దేశానికి ఎట్లా వచ్చిందన్న ముచ్చట.

వెంటనే పెట్టి వినిపించబోయాను. చేయి ఆగింది. ఆయన ఉప్పు చూడని కూర అది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆయన ఆపిన చోటు నుంచి చివరిదాకా నేను విన్నాను. బాగుంది. మాట్లాడే ఆయన మధ్యలో ఒకచోట నాకు తెలియదని కూడా అన్నాడు.

"పెద్దవ్వా, ఒకటి ఇనిపియ్యనా?"

"నాకేం తెల్వాల్నని లేదు బిడ్డా."

"పెద్దబాపు నీ కోసమే పెట్టిండు. పూర్తిగ ఇనకుంటనే పోయిండు."

ఆమె ఇంకో కాయ అందుకుంది. మొదటి నుంచి పెట్టాను. తొడిమలు తీస్తూనే ఉంది, వింటోందో లేదో తెలియలేదు. మిరపకాయ ఇక్కడిది కాదు, ఓడల మీద సముద్రాలు దాటి వచ్చింది, అంతకుముందు మనవాళ్లు దాన్ని చూసి కూడా ఎరుగరు అన్నచోట పెద్దవ్వ చేతులు ఆగిపోయాయి.

"ఏందీ, మిరపకాయ మనది గాదా?"

"కాదట పెద్దవ్వా."

చేతిలోని కాయను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "మరి అంతకుముందు తొక్కులల్ల ఏం ఏసేటోళ్లే?"

నేను కళ్లు తుడుచుకుని ముక్కు చీదుకున్నాను. ఈ ఒక్క మాట కోసం ఒక మనిషి జీవితమంతా ఆ ఇంట్లో చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. గోడ పక్కన కుర్చీ వైపు చూడకుండా ఉండలేకపోయాను. పెద్దవ్వ కూడా అటే చూసింది.

"ఏడ్వకు. ముందుగాల దాన్ని జర ఎనుకకు తిప్పు. నీ ముక్కు చీదుడుతోని నేను సగం ఇననేలే" అంది.

తిప్పాను. ఆమె లేచి ఆయన కుర్చీని మిరపకాయల కుప్ప దగ్గరికి లాక్కొచ్చి, ఫోన్‌ను దాని మీద పెట్టింది. ఫోన్ మాట్లాడుతోంది. పెద్దవ్వ దానికి ఎదురుగా కూర్చుని, తొడిమ తీయని మిరపకాయ చేతిలో అట్లాగే పట్టుకుని, కుర్చీ వైపు చెవి వంచి వింటోంది.