‘చెడ్డది’ అనకు, ‘పడదు’ అను

మా జ్ఞానప్రకాశం మాస్టారు ఇక లేరు. ఈ చిన్న వాక్యం రాయడానికి నాకు ఒక పూట పట్టింది, రాశాక కూడా నమ్మబుద్ధి కావడం లేదు. గురువారం పొద్దున బేగంపేటలో మా బ్యాంకు కౌంటరు తెరుస్తుండగా ఆయన భార్య రూతమ్మ ఆంటీ ఫోన్ చేశారు. “సార్ పోయిండు బిడ్డా. చాయ్ తీస్కపోయేసరికి లేడు” అన్నారు, అంతే. “ఏ సార్ ఆంటీ?” అని అడిగాను నేను! ముందురోజే కదా ఆయన నన్ను ఫోన్లో దులిపేసింది, ఇంకో చేప కొందామన్న పాపానికి! అంత గొంతుతో కేకలేసిన మనిషి తెల్లారేసరికి ఎలా పోతాడు? కౌంటరు తాళాలు పక్కసీటువాళ్ల చేతిలో పెట్టి బయల్దేరాను.

కీర్తిశేషులు జ్ఞానప్రకాశం గారు జంతుశాస్త్ర అధ్యాపకులు. జన్మస్థలం భీమిలి తీరం, కర్మభూమి సికింద్రాబాదు. సముద్రం జాడైనా లేని ఈ రాతిగడ్డ మీద, ముందుగదిలో గోడ పొడవునా గాజుతొట్టి నిలిపి, ఉప్పునీళ్లు కలిపి, పగడపు రాళ్లు పేర్చి, కడలి జీవులను కన్నబిడ్డల్లా సాకిన ధన్యజీవి. ఉద్యోగ విరమణ తరువాత ఆయనకు మాలాంటి శిష్యగణం ఒకటి తయారైంది. మాలో ఒక్కరమూ ఆయన తరగతిలో కూర్చున్నవాళ్లం కాదు. సరదాపడి ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టుకుని, చేపల్ని చంపుకుని, దిక్కుతోచక ఆయన గడప తొక్కినవాళ్లం. ఏ చేప పక్కన ఏ చేప బతుకుతుంది? ఆయన ఉపదేశమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగేది.

సమాధుల తోటనుంచి తిరిగొచ్చిన సాయంత్రమే రూతమ్మ ఆంటీ మమ్మల్ని కూర్చోబెట్టి కచ్చితంగా చెప్పేశారు. బొల్లారంలో చెల్లెలింటికి వెళ్లిపోతారట. “ఆయన లేని ఇంట్ల ఆ నీళ్ల సప్పుడు నేనొక్కదాన్ని ఇనలేను. ఆదివారం ఆరాధన అయినంక రాండ్రి, తలా కొన్ని చేపలు తీస్కపోండ్రి” అన్నారు. చెట్టంత మనిషి పోయాడు, సరే, అది మన చేతిలో లేదు. ఆయన ఇంతకాలం కలిపి ఉంచిన ఆ ప్రాణాలు మా చేతుల్లో చెదిరి చచ్చిపోతే ఏ మొహం పెట్టుకుని ఆయన పేరు తలుచుకోవాలి?

మాస్టారిని నేను ఎరిగింది మా ఆయన చలవ వల్ల. మా ఆయనకు ఏది కొన్నా అందంగా ఉండాలి. నన్ను చేసుకోవడం ఒక్కటే మినహాయింపని నేనంటాను, ఆయన ఖండించడు కూడా. అల్వాల్‌లో మా ఇంటి తొట్టిలో అప్పటికి క్లౌన్ చేపలుండేవి, నారింజ ఒంటిమీద తెల్లపట్టీలతో బుజ్జిముండలు. వాటి మధ్యకు ఈయన లయన్ చేపను తెచ్చి వదిలాడు. రెక్కలు విప్పిందంటే జరీ పైట పరిచినట్టే! నాలుగు రోజులు తిరగలేదు, బుజ్జిముండలు ఒక్కొక్కటే మాయం. మా వీధిలో టైర్ల దుకాణం మల్లేశ్ “సార్ దగ్గరికి పో అక్కా” అంటే, ఒళ్లుమండిపోతూ వెళ్లి ఆ రాక్షసిని ఏం చేయమంటారని అడిగాను.

“దాని నోరెంతో చూశావా తల్లీ?” అన్నారు మాస్టారు.

“నోరు చూడలేదండీ, రంగు చూశాం.”

“అదీ సంగతి. ఆ నోట్లో పట్టేదేదైనా దానికి అన్నమే. నువ్వే వడ్డించి, తిన్నందుకు నువ్వే తిడితే ఎలాగ? చెడ్డది అనకు. పడదు అను.”

ఆ ఇంట్లో మొదటి పాఠం ఎవరికైనా అదే. ఫలానా చేప మంచిదా చెడ్డదా అని అడిగితే ఆయన జవాబే ఇచ్చేవారు కాదు. దేనికి దేనితో పడుతుంది, దేనితో పడదు, అంతవరకే అడగాలి. “కొందరికి వంకాయ పడదు. అందుకని వంకాయను తప్పుపడతామా, తిన్నవాణ్ణి తప్పుపడతామా?” అనేవారు. ఈ వివేచన ఆయనకు తొట్టితో ఆగేది కాదు. ఒకసారి మా మేనేజరు మీద కారాలు మిరియాలు నూరుతూ వెళ్లి “వాడంత దుర్మార్గుడు లేడు సార్” అన్నాను. “దుర్మార్గుడా, నీకు పడదా?” అని సౌమ్యంగా అడిగారు. “రెండూనండీ” అన్నాను. కళ్లనీళ్లు తిరిగేలా నవ్వారు ఆ మహానుభావుడు.

కొత్త చేప కావాలని ఎవరైనా అడిగితే స్వయంగా వాళ్లింటికి వెళ్లేవారు. పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషిలా తొట్టి ముందు కూర్చుని, చాయ్ తాగుతూ ఆరా తీసేవారు. తొట్టిలో ఎవరెవరున్నారు, ఎవరు ముందొచ్చారు, ఎవరు ఏ రాయి కింద పడుకుంటారు, తిండి దగ్గర ఎవరు ఎవరిని తోసేస్తారు. సాధువులు ముందు రావాలి, గడుసువాళ్లు చివర రావాలి. ఒకే ఒడ్డూపొడుగూ ఉన్నవాళ్లను ఎదురెదురుగా పెట్టకూడదు. అంతా విన్నాక పదింట తొమ్మిదిసార్లు “ఇంకెవరూ వద్దు” అని లేచేవారు. మొహం వేలాడేసుకుంటే, “ఖాళీ కనబడితే నింపాలనిపించడం మన జబ్బమ్మా, చేపలకు లేదు” అని చెప్పులేసుకునేవారు.

మొహమాటమన్నది ఆ మనిషి నిఘంటువులో లేదు. ఒక పెద్ద హోటలువాళ్లు కారు పంపి పిలిపించుకుని, తమ ముందుహాల్లో తొట్టి పెడుతున్నామనీ, రంగురంగుల చేపలన్నీ అందులో ఉండాలనీ అడిగారట. జాబితాలో సగం ఒకదాన్నొకటి చంపుకునేవే. మాస్టారు ఆ మాటే చెప్పారు. “అతిథుల కళ్లకు నిండుగా ఉండాలి కదండీ” అన్నాడట ఆ మేనేజరు. “అయితే గోడమీద బొమ్మ గీయించుకోండి, కొట్టుకోవు” అని చెప్పి, వాళ్ల కారెక్కకుండా సిటీ బస్సెక్కి ఇంటికొచ్చారు.

ఆయన గొప్పతనం నాకు పూర్తిగా బోధపడింది మాత్రం రూతమ్మ ఆంటీ చెప్పిన ఒక ముచ్చటతో. పాత చేప ఉన్న తొట్టిలోకి కొత్తదాన్ని వదిలేముందు మాస్టారు లోపలి రాళ్లన్నీ జరిపేసేవారు. తన గూడు, తన మూల అని పాతది ముందే పాతుకుపోయి ఉంటుంది, కొత్తదాన్ని బతకనివ్వదు. “పాతవాడికి కూడా ఇల్లు కొత్తదైపోవాలి. అప్పుడు ఇద్దరూ కొత్తవాళ్లే” అనేవారు. మాకది చేపల చిట్కాగానే తెలుసు. ఆంటీ వాళ్లమ్మ, విధవరాలై, ఇక ఇక్కడే ఉండిపోవడానికి వచ్చిన రోజున ఈయన పొద్దున్నే లేచి ఇంట్లో సామానంతా జరిపేశారట. తన మంచం గోడవతలికి, తన కుర్చీ వసారాలోకి, దేవుని వాక్యం చదువుకునే బల్ల వంటింటి పక్కకు. “గిదేం పని, ఇల్లంత పరేషాన్ జేస్తున్నవ్ అని లొల్లి పెట్టిన బిడ్డా. మా అమ్మ వచ్చి ఏది యాడుందని అడిగితే, నాకు సుత తెల్వదత్తమ్మా, ఇద్దరం దేవులాడుకుందాం పా అన్నడు” అని చెబుతూ ఆంటీ కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆ పెద్దావిడ కన్నుమూసేదాకా ఆ ఇంట్లో పరాయిదానిగా ఒక్కపూటా బతకలేదు.

అలాగని ఆయనేమీ శాంతమూర్తి కాదు. ముక్కుమీద కోపం. కోపమొస్తే ఇన్నేళ్ల సికింద్రాబాదు కొట్టుకుపోయి భీమిలి బయటికొచ్చేది. ఒక మే నెల ఎండకు మా తొట్టిలో నీళ్లు దిగిపోతే, మా ఆయన బుద్ధిమంతుడిలా ఉప్పునీళ్లు కలిపి పోస్తూ పోయాడు. చేపలు తేలిపోతుంటే ఫోన్ చేశాం. మిట్టమధ్యాహ్నం ఆటో కట్టించుకుని వచ్చారు. “ఉప్పునీళ్ల తొట్టి గద సార్, ఉప్పునీళ్లే పోసిన” అన్నాడు మా ఆయన. “ఏటయ్యా! ఉప్పు గాని ఆవిరైపోతాదేటి? పోయినవి నీళ్లు! నీళ్లే పొయ్యాల! ఉప్పంతా నోపలే ఉండిపోనాది కాదేటి!” అని అల్వాల్ అదిరిపోయేలా అరిచారు. అరుస్తూనే చొక్కా చేతులు మడిచి, బకెట్లతో నీళ్లు మార్చి, మా చేపల్ని దక్కించి, మజ్జిగ కూడా ముట్టకుండా వెళ్లారు. మరుసటి వారందాకా మా ఆయనతో మాట్లాడలేదు.

రాష్ట్రం ఒకటిగా ఉండాలా రెండు కావాలా అని ప్రతి ఇంట్లో గొడవలవుతున్న రోజులివి. మాస్టారి ముందుగదిలోనూ అయ్యేవి. మల్లేశ్ ఒకవైపు, కోస్తానుంచి వచ్చినవాళ్లు ఇంకోవైపు, గొంతులు చించుకునేవాళ్లు. మాస్టారు లేచి, “మీ కేకలకి చేపలు రాళ్లలో దూరాయి. అరుచుకోవాలంటే వీధిలోకెళ్లండి, చాయ్ తాగాలంటే కూర్చోండి” అనేవారు. ఒక్కడూ వీధిలోకి వెళ్లేవాడు కాదు. మొన్న ఆయన శవపేటికకు మొదట భుజం పెట్టింది మల్లేశే.

ఆదివారం అందరం చేరాం. బకెట్లు, మూతలున్న డబ్బాలు తెచ్చుకున్నాం. “మొహమాటపడకుండ్రి, ఎవరికేది కావాల్నో పట్టుకోండ్రి” అన్నారు ఆంటీ. ఒక్కరూ కదల్లేదు. చివరికి మల్లేశ్ గొంతు సవరించుకుని, “నా తొట్ల పసుపు టాంగ్ చేప ఉంది ఆంటీ. గీ టాంగ్‌ని ఏస్తే రెండు కొట్టుకొని సస్తయ్” అన్నాడు. మా ఇంట్లో ఇంకా ఆ లయన్ మహారాణే ఉంది, చిన్నవాటిని తీసుకెళితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఇంకొకాయన తొట్టి కొత్తది, నీళ్లింకా కుదురుకోలేదు. అందరం ఆ చేపలకోసం ప్రాణం పెట్టేవాళ్లమే, అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. మాస్టారుంటే మా మాటల్లో ఒక్కదాన్నీ దిద్దేవారు కాదు.

“ఆయన మీకు నేర్పింది గిదేనా? అందరు వద్దననుడే నేర్చుకున్నరా?” అన్నారు ఆంటీ. ఆయన నేర్పింది నిజంగా అదే. “పోనీ, దుకాణంల వాపసిస్తే?” అని మా ఆయన నోరుజారాడు. నేను చూసిన చూపుకు బకెట్ సర్దుకుంటూ వెనక్కి జరిగాడు.

ముందు వాటికి ఇంత తిండైనా పెడదామని నేను మేత చల్లాను. ఒక్కటీ బయటికి రాలేదు. గురువారం నుంచీ ఇంతేనట, ఎవరు వేసినా తినడంలేదట. మేత నీళ్లలో తేలుతూ అడుగుకు జారుతోంది, మల్లేశ్ మొహం తిప్పుకున్నాడు. అప్పుడు ఆంటీ విసురుగా తొట్టి దగ్గరికి వచ్చి, “ఏందే మీ కథ? తినరా? ఆయనతోనే పోదామనుకున్నరా?” అని గద్దించారు.

రాళ్ల వెనకనుంచి అన్నీ వచ్చేశాయి. ఆవిడ నిలబడ్డ గాజువైపు, ఆవిడ మొహానికెదురుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేశాయి. తరువాత అర్థమైంది. ఆయన మేతవేసే వేళకు ఆవిడ రోజూ ఆ పక్కనే నిలబడి, చాయ్ చల్లారిపాయెనని ఆయన్ను తిడుతూ ఉండేవారు. ఆ చేపలకు అన్నం పిలుపు ఆవిడ గొంతే.

“నా తానికెందుకొస్తున్నరే? నేనెన్నడన్న మీకు ఇంత పెట్టిన్నా?” అన్నారామె. మాట పూర్తికాలేదు, గాజుమీద అరచెయ్యి పెట్టి భోరుమన్నారు. గురువారం నుంచి ఆవిడ కంట నీటిచుక్క చూడలేదు మేం. నేను మళ్లీ మేత చల్లాను. ఆవిడ ఏడుస్తూ, తిడుతూ నిలబడినంతసేపూ అవి తింటూనే ఉన్నాయి.

“బకెట్లు తీస్కపోండ్రి” అన్నారు చివరికి కళ్లు తుడుచుకుని. “చెల్లెకు ఫోన్ జేసి చెప్త, నేను రానని.” తరువాత నావైపు తిరిగి, “ఆ ఉప్పునీళ్లెట్ల కల్పుతరో జెర చూపియ్యి బిడ్డా” అన్నారు.

గురువర్యా, మీకు సాటి మరొకరు లేరని సంతాపసభలో అందరూ అన్నారు, నేనూ అన్నాను. అది ఎంత నిజమో ఆదివారం ఆంటీ ఆ మాట అడిగాక గాని తెలిసిరాలేదు. పెరట్లో ఇద్దరం బకెట్ ముందు గొంతుక్కూర్చున్నాం. ఉప్పు పోసి తిప్పుతున్నాను, నీళ్లింకా తేటపడలేదు, తెల్లగానే ఉన్నాయి. ఇంకాస్త తిప్పాలా, సరిపోయిందా అని అనుమానం వచ్చింది. “సార్, ఇది సరిపోతుందా?” అంటూ అలవాటుకొద్దీ ఇంట్లోకి తిరిగి చూశాను. ఆంటీ కూడా అటే చూశారు.