విజిలు చేతులు మారిన ఆదివారం

తెనాలిలో ఫుట్‌బాల్ ఏంటి అని నవ్వేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అలాంటివాళ్ళతో నేను మాట్లాడటం మానేశాను. మా క్లబ్బు నేను పుట్టకముందు నుంచీ ఉంది. నాకు ఊహ తెలిసేసరికే మా నాన్న దానికి కోచ్. పగలు గుమాస్తా ఉద్యోగం, సాయంత్రం మైదానం. చిన్నప్పుడు ఆదివారం చర్చి అయిపోగానే అన్నం తిని, ఆ తెల్లచొక్కాతోనే నన్ను సైకిలెక్కించుకుని తీసుకెళ్ళేవాడు. మైదానం పక్కన సిమెంటు మెట్లమీద కూర్చుని కేకలు పెట్టడం అలా అలవాటైంది నాకు. పెళ్ళయినా పోలేదు.

కళ్ళకి నీటికాసుల జబ్బొచ్చి నాన్న చూపు పక్కలనుంచి తగ్గుతూ వచ్చింది. ఇంట్లో తడుముకోకుండా తిరిగేవాడు కాబట్టి మేం పెద్దగా పట్టించుకోలేదు. బాపట్ల టీముతో జరిగిన ఒక మ్యాచ్‌లో, అవతలి లైను వెంబడి బంతితో దూసుకొస్తున్న వాళ్ళ కుర్రాణ్ణి మనవాడే అనుకుని, "అదీ, అలా రా! కొట్టెయ్!" అని గొంతు చించుకున్నాడు. వాడు కొట్టేశాడు కూడా. మెట్లమీద జనం మొదట ఫక్కున నవ్వారు. ఆ తర్వాత ఎవరూ ఎవరి మొహం చూడలేదు. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ నాన్న, "ఇంక వేరేవాళ్ళని చూసుకోమను," అన్నాడు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

వాళ్ళు చూసుకున్న మనిషి మా ఆయన.

మా ఆయనది రేపల్లె. బాపట్లలో ఒక స్కూల్లో పీఈటీ మాస్టారు. కాపురం తెనాలిలో నాన్న దగ్గరే, రోజూ రైల్లో వెళ్ళొస్తారు. చాలాకాలం రేపల్లె టీముకి కోచ్‌గా చేశారు. తెనాలిలో కాపురం పెట్టాడు, పైగా తెనాలి కోచ్‌కి అల్లుడు, ఇతన్నెలా నమ్మడం అని అక్కడివాళ్ళు పక్కన పెట్టేశారు. ఇక్కడ మావాళ్ళేమో రేపల్లె మనిషి, ఇతన్నెలా నమ్మడం అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆయన పేరు బయటికొచ్చిన వారమంతా క్లబ్బు అభిమానుల వాట్సాప్ గ్రూపు కుతకుతలాడింది. గోలు ముందు పదిమందిని నిలబెట్టి డ్రా చేసుకునే రకం అని ఒకరు. కోచ్ పదవి ఇంటల్లుడికి కట్టబెడుతున్నారని ఇంకొకరు. "ఆ పదిమందిని దాటి ఒక్క గోలు కొట్టలేకపోయింది ఎవరండీ?" అని నేను పెట్టాక గ్రూపు చల్లబడింది. నేనూ అందులోనే ఉన్నానని అప్పుడు గుర్తొచ్చినట్టుంది, కొందరు పెట్టినవి గబగబా చెరిపేశారు. నాన్న మాత్రం ఇటు గానీ అటు గానీ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఒకే ఇంట్లో మామా అల్లుళ్ళు ఎదురెదురుగా కూర్చుని వంకాయ కూర గురించి మాట్లాడుకుంటూ అన్నాలు తిన్నారు.

ఆదివారం మైదానానికి బయల్దేరేముందు మా ఆయన, "ఇక్కడ కూడా వద్దంటే ఈ బూట్లు ఎవరికన్నా ఇచ్చేద్దాం. ఇంక నన్నెవరు పిలుస్తారు?" అన్నారు. కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అన్నారు.

మా క్లబ్బుకి కమిటీ ఉంది, సంతకాలు అదే పెడుతుంది. కానీ కోచ్‌ని ఖాయం చేసేది విజిలు. పాత కోచ్ విజిలు మెట్లమీద కూర్చున్న అభిమానుల చేతులమీదుగా వెళ్ళి, చివరికి పాత కోచ్ దగ్గరికే తిరిగి రావాలి, ఆయన దాన్ని కొత్త కోచ్‌కి ఇవ్వాలి. ఇష్టం లేనివాళ్ళు దాన్ని పక్కవాళ్ళకి ఇవ్వకుండా పట్టుకుని కారణం చెప్పాలి. ఆ కారణం సరైందని పదిమందికీ తోస్తే ఆ మనిషి ఇక కోచ్ కాడు. చెప్పడానికి కారణం లేకపోతే విజిలు ఒకసారి ఊది వదిలెయ్యాలి. అది తేలేదాకా కోచ్ కావాల్సిన మనిషి మైదానంలోకి రాకూడదు. అందుకే మా ఆయన గేటు బయట టీకొట్టు దగ్గర ఆగిపోయారు. లోపల మా కుర్రాళ్ళు ప్రాక్టీసు చేసుకుంటున్నారు.

నాన్న పక్కనే కూర్చున్నాను. "నువ్వు విజిలు ముట్టుకోకూడదమ్మా, ఇంటిదానివి," అన్నారు ఎవరో. "ముట్టుకోను. నోరు మాత్రం మూసుకోను," అన్నాను.

విజిలు పై మెట్టునుంచి దిగుతూ వచ్చింది. పరుపుల కొట్టు బాబాయ్ దగ్గరికొచ్చి అక్కడే ఉండిపోయింది. నాన్నతో కలిసి ఆడిన మనిషి ఆయన. రంజాన్‌కి మా ఇంటికి సేమియా, క్రిస్మస్‌కి వాళ్ళింటికి మా కేకు వెళ్ళకుండా ఏ ఏడూ గడవలేదు. ఆయనే అడ్డుపడతాడని నేను కలలో కూడా అనుకోలేదు.

"ఒకటే అడుగుతా అమ్మాయ్. రేపల్లెతో మ్యాచ్‌లో మనం గోలు కొడితే మీ ఆయన ఎగిరి గంతేస్తాడా?"

"వెయ్యరు బాబాయ్. పెళ్ళి ఫొటోల్లోనే నవ్వలేదు ఆ మనిషి. గోలుకి గంతేస్తారా?"

అందరూ నవ్వారు. బాబాయ్ నవ్వలేదు. విజిలు ఆయన చేతిలోనే ఉంది.

"రేపల్లె వాళ్ళు తీసేసిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం ఆ ప్రహరీ అవతల నిలబడి మన ప్రాక్టీసే చూస్తున్నారు. లోపలికి ఎవరూ పిలవలేదని రాలేదు. ఇంట్లో అన్నం తింటూ కంచం పక్కన ఎండుమిరపకాయలు పేర్చుకుంటారు. అది మన టీమే బాబాయ్. ఏ మిరపకాయ ఎవరో నాకు తెలుసు."

బాబాయ్ కాసేపు ప్రహరీ వైపు చూశాడు. విజిలు కిందికిచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఎవరూ పట్టుకోలేదు. నా తలమీదుగా వెళ్ళి నాన్న చేతిలో పడింది. అయిపోయిందనుకున్నాను.

నాన్న పిడికిలి మూశాడు.

చివరికి బాబాయే, "కారణం చెప్పు అన్నయ్యా," అన్నాడు మెల్లగా.

"కారణమేం లేదు," అన్నాడు నాన్న. పిడికిలి మాత్రం విప్పలేదు. విజిలు తాడు ఆయన వేళ్ళసందుల్లోంచి వేలాడుతోంది. వారం రోజులుగా నేను మా ఆయన కోసం ఊరందరితో పోట్లాడాను. నాన్నని మాత్రం ఏమీ అడగలేదు. వద్దు నాన్నా, నీ దగ్గరే ఉంచుకో అందామనిపించింది. గేటు బయట నిలబడ్డ మా ఆయన గుర్తొచ్చారు. ఏడుపొచ్చింది.

"కారణం లేకపోతే ఊదాలి కదా," అని నాన్నే గుర్తు చేశాడు. విజిలు పెదాల దగ్గర పెట్టుకుని పొడుగ్గా ఊదాడు.

ప్రాక్టీసులో పొడుగు విజిలు వినబడితే ఎక్కడివాళ్ళు అక్కడ ఆట ఆపి కోచ్ దగ్గరికి పరుగెత్తాలి. కుర్రాళ్ళకి మా గొడవేం తెలుసు? బంతి వదిలేసి, రొప్పుకుంటూ వచ్చి నాన్న చుట్టూ నిలబడ్డారు. "ఏంటి సార్?" అన్నాడు కెప్టెన్. నాన్న తల అటూ ఇటూ తిప్పి ఒక్కొక్కరి మొహం చూసుకున్నాడు. అందరూ కనబడేదాకా చూశాడు. ఆ తర్వాత విజిలు కెప్టెన్ చేతిలో పెట్టాడు.

"నా దగ్గరికి కాదురా. మీ కోచ్ గారు గేటు దగ్గరున్నారు. ఇది ఆయనకిచ్చి, అక్కడ నిలబడండి."

అని చెయ్యి చాపి చూపించాడు. ఆ చెయ్యి గేటు వైపు లేదు. అవతలి గోలుపోస్టు వైపు ఉంది. కుర్రాళ్ళు అటు చూశారు, నాన్న వైపు చూశారు. ఒక్కరూ కదల్లేదు. అటు కాదు సార్ అని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

నేను లేచి నాన్న మోచెయ్యి పట్టుకుని, మెల్లగా గేటు వైపు తిప్పాను.