కుట్టుమిషనుకు బదులు గ్రామఫోను

పెళ్ళైన రెండో ఏడు నేను కుట్టుమిషను కొనడానికి వెళ్ళి గ్రామఫోను కొనుక్కొచ్చాను. అరవైల్లో సంగతి. అప్పుడు నేను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రెండు గదుల క్వార్టరు మాది. నా భార్యకు కుట్టుపని బాగా వచ్చు. మిషనే లేదు. మాకు రెండు వీధుల అవతల ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు చనిపోయాడు. ఆయన భార్య సామాన్లన్నీ అమ్మేసి బెంగుళూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోందనీ, వాటిలో మంచి కుట్టుమిషను ఉందనీ మా ఆవిడ విని వచ్చింది. దాచుకున్న డబ్బు నా చేతిలో పెట్టి, "బేగెల్లండి, మరెవులో పట్టుకుపోతారు" అంది.

నేను బేగానే బయల్దేరాను. దారిలో టీ కొట్టు దగ్గర మాత్రం కాస్త ఆగాను. ఆ కాస్తలోనే మిషను ఎవరో పట్టుకుపోయారు.

వరండాలో మిగిలినవి మూడు వస్తువులు. మూడు కాళ్ళ కుర్చీ, టోపీలు తగిలించుకునే కొయ్య, ఇత్తడి బాకా ఉన్న పాతకాలం గ్రామఫోను. "చల్తా హై?" అంటూ పనిచేస్తుందా అని అడిగాను. ముసలావిడ గౌను అంచుతో బాకా తుడుస్తూ, "థోడా సా కామ్ హై, మిస్త్రీ. నీకైతే ఒక పూట పని" అంది. రోజూ రైలింజన్లు విప్పి బిగించే నాకు ఈ పెట్టె ఒక లెక్కా అనిపించింది. ఆవిడ రెండు రికార్డులు కూడా ఊరికే ఇచ్చింది. ఒకటి పగిలి ఉంది, రెండోదాని మధ్య కాగితం మీద అక్షరాలు చెరిగిపోయి పేరు తెలియడం లేదు.

పెట్టెను సైకిలు క్యారియరు మీద కట్టి, బాకా భుజాన వేసుకుని నడిపించుకుంటూ వచ్చాను. మా పక్క క్వార్టరు ముసలాయన, నేను మావా అని పిలిచేవాణ్ణి, గుమ్మంలో నిలబడి చూసి, "ఏటల్లుడూ, బ్యాండు మేళంలో కుదిరినావేటి?" అన్నాడు.

మా ఆవిడ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. "దీనికి సూది ఎక్కడుందండి?" అని అడిగింది.

సూది ఉందని చూపించాను. ఆవిడ వంగి దాన్ని చూసి వంటింట్లోకి వెళ్ళింది.

మర్నాడు సాయంత్రం పని మొదలుపెట్టాను. లోపలి స్ప్రింగు విరిగినట్టుంది, హ్యాండిలు ఎంత తిప్పినా పట్టు లేదు. స్ప్రింగు ఉన్న డబ్బా మూత తీయగానే అది బుస్సున లేచి, నా బొటనవేలు చీల్చి, గోడకున్న క్యాలెండరును చింపి, బియ్యం డబ్బా మీద పడి ఆగింది. మా ఆవిడ వేలికి పసుపు అద్ది కట్టు కట్టింది. "ఇంజన్లు కూడా ఇలాగే ఇప్పుతారేటి?" అంది. నిజంగా తెలుసుకుందామనే అడిగినట్టుంది ముఖం.

సుభాష్‌పల్లిలో గడియారాలు బాగుచేసే బెంగాలీ దాదా ఒకాయన ఉండేవాడు. స్ప్రింగును గోనెలో చుట్టి తీసుకెళ్ళాను. కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూసి, "మిస్త్రీ, యే ఇంజన్ నహీఁ హై" అన్నాడు. ఇది ఇంజను కాదని అప్పటికి నాకూ తెలిసింది. విరిగిన కొసను మంట మీద కాల్చి, మెత్తబరిచి, కొత్తగా కన్నం వేసి ఇచ్చాడు. పల్చటి నూనె మాత్రమే వేయమని చెప్పి పంపాడు.

ఇంట్లో ఉన్న పల్చటి నూనె కొబ్బరినూనె. చక్రాలన్నిటికీ వేశాను. పెట్టె ఆ మధ్యాహ్నమంతా హాయిగా తిరిగింది. డిసెంబరు నెల కావడంతో తెల్లారేసరికి బిగుసుకుపోయింది. మళ్ళీ అంతా విప్పబోతుంటే మా ఆవిడ తలకు నూనె రాసుకోవడానికి సీసాను ఎండలో పెడుతూ, "సలికి కొబ్బరినూనె గడ్డకడతాదని వర్కుషాపులో సెప్పరేటండి?" అంది. ఆ రోజు ఆవిడ పొరుగింటికి వెళ్ళి కుట్టుమిషను నూనె అడిగి తెచ్చింది. గ్రామఫోను ఆ నూనెతోనే బాగుపడింది.

ఆదివారం పొద్దున్న చుట్టుపక్కల వాళ్ళందరినీ పిలిచాను. పగలని రికార్డులో ఏముందో నాకూ తెలియదు. అది తెలియదని చెప్పడం ఇష్టంలేక, "ఇంగ్లీషు భక్తిగీతం" అన్నాను. మావ చెప్పులు విప్పి బయట పెట్టి వచ్చాడు. సూది ఆనించాను. ముందు గరగర, తర్వాత సన్నగా వాద్యం, ఆ తర్వాత ఒక మనిషి నవ్వు. మాటలేం లేవు. వాడు నవ్వి, ఆపుకుందామని చూసి, ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వుతున్నట్టు నవ్వాడు.

మావ కాసేపు చేతులు కట్టుకునే విన్నాడు. "అల్లుడూ, ఈడు మనల్ని సూసే నవ్వుతున్నాడేటి?" అన్నాడు. దాంతో గది మొత్తం ఫక్కుమంది. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుపోయింది. ఆ వారమంతా జనం వస్తూనే ఉన్నారు. వీధిలో గొప్ప సంగీత రసికుణ్ణి అనిపించుకోవాలనుకున్నాను. నవ్వులపెట్టె వాడన్న పేరు వచ్చింది.

బెంగుళూరు ప్రయాణానికి ముందు రోజు డ్రైవరు గారి భార్య వచ్చింది. పెట్టె పలికిందని ఎవరో చెప్పారట. మంచం అంచున కూర్చుని రికార్డు మొత్తం వింది. నవ్వలేదు. "మా ఆయన డ్యూటీ దిగి రాగానే ముందు ఇది పెట్టేవాడు. బూట్లు తర్వాత విప్పేవాడు" అంది. ఇంకోసారి పెట్టమంది. ఈసారి మధ్యలో ఆవిడ కూడా చిన్నగా నవ్వింది.

మర్యాద కోసం, "రికార్డు మీరే తీసుకెళ్ళండి" అన్నాను. వద్దంటుందని నా నమ్మకం. ఆవిడ వెంటనే లేచి సంచి తెరిచింది. మా ఆవిడ పాత చీర చింపి రికార్డుకు చుట్టి ఇచ్చింది.

అలా ఇంట్లో బాగైన గ్రామఫోను ఉంది, పెట్టడానికి రికార్డు లేదు. ఆదివారం అలవాటుగా వచ్చిన మావ సంగతి విని, "పోనీ నువ్వే నవ్వియ్" అని కూర్చున్నాడు.

నెల తర్వాత బెంగుళూరు నుంచి ఉత్తరం వచ్చింది. రికార్డు క్షేమంగా చేరిందట. కూతురింట్లో ఉన్నది కొత్తరకం రికార్డు ప్లేయరు, దాని మీద ఈ పాత రికార్డు పలకదట. గ్రామఫోను తిరిగి అమ్ముతావా, మిస్త్రీ, అని రాసింది. చదివి వినిపించాను. నాకు ఇవ్వాలని లేదు. కట్టు విప్పినా బొటనవేలు ఇంకా సరిగా వంగడం లేదు.

"పంపీండి" అంది మా ఆవిడ. "ఆ నవ్వు ఇనకపోతే ఆవిడికి తోచదు."

"మరి నీ మిషను డబ్బు?"

"అదడిగి పుచ్చుకోండి" అంది.

రైల్వే పార్సిళ్ళను ఎలా విసురుతారో రైల్వేలో పనిచేసేవాడికి తెలుస్తుంది. అందుకని నేనే చెక్కపెట్టె చేసి, గడ్డి కూరి, తెలిసిన గార్డుకు అప్పగించాను. మద్రాసులో బెంగుళూరు బండి ఎక్కించే మనిషిని కూడా ఆయనే చూశాడు. ముసలావిడ పంపిన డబ్బుతో ఆ వేసవిలో మా ఇంటికి మిషను వచ్చింది. మొదట కుట్టింది మావ బనీను.

తర్వాత వచ్చిన ఉత్తరం కూతురు రాసింది. అమ్మ పొద్దస్తమానం అదే పెడుతోంది, చుట్టాలొచ్చినా ఆపదు, బ్రేకు నొక్కినా చక్రం ఆగడం లేదు, ఆపడం ఎలాగో దయచేసి తెలపండి అని ఉంది. బ్రేకు ఎక్కడ బిగించాలో బొమ్మ గీసి జవాబు రాశాను. బ్రేకు సంగతి నాకు ముందే తెలుసు. తీరిక లేక వదిలేశాను.

మా ఆవిడ మిషను ఆపి బొమ్మ వైపు చూసింది. "అప్పుడే పోస్టు సెయ్యకండి" అంది.

పది రోజులు ఆగి వేశాను.