చిరగని మోకాళ్ళు

మా అత్తయ్య టైలరు. ముప్పై ఎనిమిదేళ్ళుగా బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. మోకాలు చిరిగిన ప్యాంటు ఎవరైనా తెస్తే మొహం వెలిగిపోతుంది. ఏడాది కిందట కుట్టిన ప్యాంటు కుట్టినట్టే వెనక్కి వస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఇదేం తిరకాసమ్మా అనుకుంటున్నారు కదూ? పెళ్ళయిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను.

మేముండేది మూడంతస్తుల మేడలో రెండో అంతస్తు. కింద మెట్ల పక్క గది ఆవిడ కొట్టు. కాలితో తొక్కే మిషను, గోడకి ఆనించిన కోత బల్ల, బల్ల కింద గుడ్డముక్కల సంచులు, కిటికీకి వేలాడే భూతద్దం. ఆ కిటికీలోంచి చూస్తే వెనకాల ఖాళీ స్థలం కనిపిస్తుంది. మా ఆయన ఒకసారి ముచ్చటపడి మిషనుకి మోటారు బిగించాడు. సాయంత్రానికల్లా ఆవిడ దాన్ని ఊడదీసి బీరువా మీద పడేసింది.

"నా కాళ్ళకి పని లేకుండా చేద్దామనుకున్నావట్రా? ఇంకేం, మంచం కూడా ఇక్కడే వేయించు, పడుకుంటాను," అంది కొడుకుతో. ఆ మోటారు ఇప్పటికీ బీరువా మీదే ఉంది, దుమ్ము కొట్టుకుని.

ఒకప్పుడు వారానికి ఇరవై ముప్పై మోకాళ్ళు వచ్చేవట మాసిక వేయించుకోవడానికి. రానురాను పదయ్యాయి, తర్వాత రెండయ్యాయి, మొన్నమొన్నటికి అవీ లేవు. పిల్లలు పొడుగయ్యారని అంచు దించడానికి మాత్రం ప్యాంట్లు వచ్చేవి. ఆవిడ ఒక్కోదాన్నీ తిరగేసి నాకు చూపించేది.

"ఇది చూడవే. కూర్చునే చోట అద్దంలా నునుపు తేలింది. మోకాళ్ళ దగ్గర చూడు, తానులోంచి నిన్న కోసినట్టుంది. ఇది బడి ప్యాంటా, కుర్చీ కవరా?"

నేను నవ్వి ఊరుకునేదాన్ని. అలా నవ్వడం ఎందుకు తప్పో తర్వాత తెలిసింది. ఆవిడ చూపించిన ప్యాంట్లలో మా పిట్టది కూడా ఉండేది మరి.

పిట్ట నా కూతురు. తొమ్మిదేళ్ళు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని నానమ్మ పెట్టిన పేరది. పేరుకే పిట్ట, గూడు వదిలితే ఒట్టు! బడి నుంచి వచ్చి సోఫాలో మూల చూసుకుని కూర్చుందంటే మళ్ళీ అన్నానికే లేవడం. మా ఇంటికి ఉన్నవి ముప్పై నాలుగు మెట్లు. మధ్య మలుపులో ఆగి, మెట్ల కమ్మీ పట్టుకుని ఆయాసం తీర్చుకుంటే గానీ పైకి రాలేదు. నాకు భయం పట్టుకుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన గుండె చూశాడు, ఊపిరి చూశాడు, నా మొహం చూశాడు.

"పిల్లకి ఏ జబ్బూ లేదమ్మా. రోజుకో గంట పరిగెత్తనివ్వండి, చాలు. ఇప్పుడు అలవాటు కాకపోతే మాత్రం ఇక ఎప్పటికీ కాదు," అన్నాడు.

పరిగెత్తమంటే పరిగెత్తుతుందా? తాడు కొనిచ్చాను, తలుపు వెనక తువ్వాలుకి తోడుగా వేలాడింది. బంతి కొనిచ్చాను, సోఫా కింద చేరింది. బతిమాలాను, అరిచాను, చివరికి చేతులెత్తేశాను. ఆఫీసులో తొమ్మిది గంటలు కుర్చీకి అతుక్కుని వచ్చేదాన్ని, నాకు మాత్రం ఓపికెక్కడిది?

డాక్టరు మాట అత్తయ్య చెవిన పడిన మర్నాడే కొట్టు తలుపుకి అట్టముక్క వేలాడింది. ఆవిడ అక్షరాలు ఆవిడ కుట్టంత తిన్నగా ఉండవు. "ఆడుతూ పడి చింపుకున్న మోకాళ్ళకి మాసిక ఉచితం. ఇక్కడ తిట్లు ఉండవు. ఇంటి దగ్గర పడే తిట్లకి మా పూచీ లేదు."

ఉత్త మాసికలైతే ఎవరొస్తారు? మిగిలిన గుడ్డముక్కల్ని చేపల్లా, ఆకుల్లా, నెలవంకల్లా కత్తిరించి దండకట్టి కిటికీకి వేలాడదీసింది. వారం తిరిగేసరికి వెనకాల ఖాళీ స్థలంలో కేకలు మొదలయ్యాయి. పట్టుకునే ఆట, తొక్కుడుబిళ్ళ, ఊరికే ఒకరి వెనక ఒకరు గోడ దాకా పరుగులు. చేప మోకాలితో బడికి వెళ్ళడం పెద్ద గొప్పయిపోయింది. పిల్లలు ఆవిడకి మాసికలమ్మ అని పేరు పెట్టేశారు.

తల్లులకి మాత్రం నచ్చలేదు. మూడో అంతస్తు టీచరమ్మ ఒకరోజు ఫైరయిపోతూ దిగి వచ్చింది.

"ఏమండీ, ఆ బోర్డేంటండీ? మావాడు నిన్న కావాలని పడ్డాడు!"

"పడనీ అమ్మా. ఆ వయసులో పడకపోతే మన వయసులో పడతాడా?"

"మరి ఆ మట్టి బట్టలు ఉతికేదెవరు?"

"ఉతుక్కోవడానికే కదమ్మా కుట్టాను. చూసి మురిసిపోవడానికైతే బొమ్మకి తొడుగు, అది పడదు."

టీచరమ్మ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. నేను పడీ పడీ నవ్వాను. అప్పుడు నా సంగతి నాకు తెలియదు.

పిల్లలు మాత్రం తక్కువ వాళ్ళా? పదిరోజుల్లో దొంగ చిరుగులు మొదలయ్యాయి. పడడం ఎందుకు, కత్తెర ఉండగా! కానీ ముప్పై ఎనిమిదేళ్ళ కళ్ళు అవి. భూతద్దం కింద పెట్టి ఒక్క చూపు చూసేది. నేలకి రాసుకుని చిరిగితే దారాలు పీచుపీచుగా లేస్తాయి, ఆ పీచులో మట్టి ఇరుక్కుంటుంది, చుట్టూ బట్ట పల్చబడుతుంది. కత్తెర చిరుగు అంచు గీత గీసినట్టుంటుంది. "దొంగా! పో, గోడ దాకా ఐదుసార్లు పరిగెత్తి రా, అప్పుడు కుడతా," అనేది. ఐదుసార్లని వెళ్ళినవాళ్ళు చీకటి పడే దాకా వచ్చేవాళ్ళు కాదు.

ఇంత జరుగుతున్నా మా పిట్ట ఆటలోకి దిగలేదు. కొట్టులో నానమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని కిటికీలోంచి చూసేది. అందరూ పరిగెత్తుతుంటే దాని కాళ్ళు పీట కింద ఆడుతూనే ఉండేవి. ఒకరోజు మాత్రం "తాబేలు మాసిక ఉంటే బావుంటుంది కదా నానమ్మా," అందట.

తర్వాత రెండు రోజులకి నేను ఆఫీసు నుంచి వస్తుంటే అత్తయ్య కొట్టులోంచి పిలిచింది. బల్ల మీద పిట్ట బడి ప్యాంటు. కుడి మోకాలి దగ్గర చిరుగు. నా ప్రాణం లేచొచ్చింది.

"ఆడిందా అత్తయ్యా? పడిందా?"

ఆవిడ భూతద్దం నా చేతికిచ్చింది. అంచు నున్నగా, తిన్నగా ఉంది. మట్టి రేణువు లేదు. పిట్ట పీట మీద తల వంచుకుని కూర్చుంది. నాకు కోపం తన్నుకొచ్చింది.

"ఏంటే ఇది? మిగతా వాళ్ళు ఆడి చింపుకుంటుంటే నువ్వు కోసుకుంటున్నావా?"

"నువ్వుండవే," అంది అత్తయ్య నాతో. తర్వాత పిల్ల గడ్డం పట్టుకుని అడిగింది. "చెప్పమ్మా. మాసిక కావాలంటే బయటికెళ్ళి ఓ గెంతు గెంతొచ్చు కదా. ఎందుకు కోసుకున్నావు?"

పిట్ట నా వైపు చూడలేదు. "కోస్తే మట్టి అంటుకోదు కదా నానమ్మా. మట్టితో వస్తే అమ్మ ఇంట్లోకి రానివ్వదు," అంది.

నేనా? నేనెప్పుడన్నాను? అడగబోయాను కూడా. అంతలో గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట వాన వెలిసిన ఒక సాయంత్రం. కొత్త యూనిఫారం నిండా బురదతో గంతులేస్తూ వచ్చింది. ఆ రోజు ఆఫీసులో ఎవరి చేతనో మాట పడి వచ్చాను. ఆ కోపమంతా పిల్ల మీద పారేశాను. "ఇంకోసారి ఇలా వస్తే గడప తొక్కనివ్వను," అని బయట నిలబెట్టి తలుపు వేశాను. పావుగంట నిలబెట్టాను. అన్నం తినేటప్పటికే ఆ సంగతి మర్చిపోయాను. అది మర్చిపోలేదు. ఎంత బుద్ధిమంతురాలో నా తల్లి, రెండేళ్ళుగా నా మాట జవదాటలేదు.

తాడు కొన్నాను, బంతి కొన్నాను, డాక్టరు చుట్టూ తిప్పాను. పిల్ల సోఫాలో కూర్చుంది నా వల్లేనని ఒక్కసారైనా అనిపించలేదు.

"లేదు పిట్టా, ఇక తిట్టను. వెళ్ళి ఆడుకో," అన్నాను.

అది నా మొహంలోకి పరీక్షగా చూసింది. "ఇప్పుడంటావులే," అంది మెల్లగా.

పిల్ల పైకి వెళ్ళాక అత్తయ్య ప్యాంటు మడిచి సొరుగులో పెట్టేసింది. "ఇది నేను కుట్టను," అంది.

"నేనేం చెయ్యను అత్తయ్యా? చెప్పినా నమ్మట్లేదు."

"చెప్తే నమ్మదు. నోటితో వేసిన తలుపు నోటితో తెరుచుకోవడం కష్టమే. నువ్వు దిగు."

"ఎక్కడికి?"

"మట్టిలోకి!"

ఆదివారం సాయంత్రం దిగాను. ముప్పై ఏడేళ్ళ దాన్ని, పరిగెత్తి పదేళ్ళయి ఉంటుంది. బస్సు అందుకోవడానికి నాలుగడుగులు వేయడం పరుగెలా అవుతుంది? కావాలనే ఆఫీసుకి వేసుకునే మంచి ప్యాంటు వేసుకున్నాను. పిల్లలు నన్ను చూసి మొదట బిత్తరపోయారు. పట్టుకునే ఆటలో కలుపుకోండర్రా అంటే, "ఆంటీనే దొంగ! ఆంటీనే దొంగ!" అని అరిచారు. దొంగనే మరి, కాదని ఎలా అంటాను? పిట్ట గోడ పక్కన నిలబడి ఉంది, చేతులు వెనక్కి కట్టుకుని. అత్తయ్య కిటికీలో ఉంది.

టీచరమ్మ కొడుకు చేతికందినట్టే అంది తప్పుకున్నాడు. నేను ఆగలేకపోయాను. అబ్బో, ఆ పడడం! రెండు మోకాళ్ళూ నేలకి కొట్టుకుని, అరచేతులు చీరుకుపోయి, మొహం మట్టికి జానెడు దూరంలో ఆగింది. పిట్ట పరిగెత్తుకుంటూ వచ్చింది. అది పరిగెత్తడం అప్పుడే చూశాను చాలా రోజులకి. వచ్చి, నా మోకాలు చూడలేదు. నా మొహం చూస్తోంది. నాకు కోపం వస్తుందా రాదా అని చూస్తోంది.

"ఓసి నా మొహం మండా! ఎంత బాగా పడ్డానే," అన్నాను. నవ్వొచ్చేసింది, నొప్పికి కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

అది ఇంకా నిలబడే ఉంది. నేను మట్టి చేతుల్ని దాని శుభ్రమైన ప్యాంటుకి రెండు పక్కలా గట్టిగా తుడిచేశాను. పిట్ట నోరు తెరుచుకుని ఆ మరకల వైపు చూసుకుంది, నా వైపు చూసింది. తర్వాత మెల్లగా నా పక్కనే మట్టిలో చతికిలబడింది.

"ఇప్పుడు దొంగ నువ్వే," అన్నాను. చటుక్కున లేచి ఉరికింది.

నా ప్యాంటు అత్తయ్య భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూసింది. "పీచు లేచింది. మట్టి ఉంది. అసలైనదే," అని తేల్చి నెలవంక వేసింది. మర్నాడు అదే వేసుకుని ఆఫీసుకి వెళ్ళాను. అడిగినవాళ్ళందరికీ పడ్డానని గొప్పగా చెప్పుకున్నాను.

పిట్ట రోజూ దిగడం మొదలెట్టింది. మొదట్లో అర్ధగంటకే ఆయాసపడి గోడెక్కి కూర్చునేది. తర్వాత తర్వాత పిలిస్తే గానీ వచ్చేది కాదు. ఆ మట్టి ప్యాంట్లు ఉతకలేక నా నడుం పడిపోతోంది, ఆ మాట మాత్రం దానికి చెప్పను. మా ఆయన్ని కూడా దింపాను ఉతకడానికి.

నెలా పదిరోజులు గడిచాయి. నేను పైన బట్టలు మడత పెడుతుంటే కింద నుంచి పొలికేక వినబడింది.

"అమ్మా! చిరిగిందీ!"

మెట్ల మీద దడదడ అడుగులు. నేను చేతిలో బట్ట అలాగే పట్టుకుని విన్నాను. మొదటి పదిహేడు మెట్లూ అయ్యాయి. మలుపు వచ్చింది. అడుగులు ఆగలేదు. మిగతా పదిహేడూ ఎక్కేసి, గడప మీదకి వచ్చి నిలబడింది, జుట్టంతా రేగిపోయి, మోకాలి దాకా మట్టితో, చిరుగులోంచి ఎర్రగా గీరుకున్న చర్మంతో. గడప దాటకుండా ఒక్క క్షణం నా వైపు చూసింది.

"లోపలికి రావే తల్లీ," అన్నాను. అలాగే ఎత్తుకున్నాను. నా బట్టలన్నీ మట్టయ్యాయి.

ఇద్దరం కిందకి దిగాం. అత్తయ్య కొట్టు కట్టేయబోతోంది. చిరుగు చూసింది, ఈసారి భూతద్దం ముట్టుకోలేదు. మిషను సొరుగు లాగింది. అందులో కత్తెరతో కోసిన ఆ పాత ప్యాంటు మడత మీద, కత్తిరించి అంచులు మడిచి, సూది గుచ్చి సిద్ధంగా ఉంచిన తాబేలు ఉంది.

"ఇది ఎప్పుడు కత్తిరించావు నానమ్మా?" అంది పిట్ట.

"నువ్వు అడిగిన రోజే," అంది మా అత్తయ్య, మిషను తొక్కుతూ.